విషం పేరు

హన్మంతు కోళ్ల దుకాణం వెనక చెత్తకుప్ప మీద ఆరు గద్దలు రెక్కలు పరుచుకుని పడి ఉన్నాయి; వాటిలో ఒక్కదానికే ఊపిరి ఆడుతోంది.

రత్నమాల దాన్ని తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. దెబ్బ తిన్న పక్షులను ఇంట్లో సాకి వదిలిపెట్టడం ఆమెకు ఏళ్ల అలవాటు. ఆమె ఫోన్ చేయగానే భర్త దినేశ్ తన మగ్గాల షెడ్డు బంద్ పెట్టి, పశువుల డాక్టర్ దివాకర్‌ను బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. సిరిసిల్లలో ఆ వాడ చెత్తంతా పడేది ఈ కుప్పమీదే. అప్పటికే జనం మూగారు.

దివాకర్ గద్ద నోరు తెరిచి చూశాడు. "విషమే. ఏ విషమో తేలుతలేదు. పురుగుల మందయితే ఒక సూది, ఇంకోటయితే ఇంకో సూది. తప్పు సూది పడితే ఈడనే పోతది."

రత్నమాల హన్మంతు వైపు తిరిగింది. "విన్నవా? ఈ కోడి పేగులల్ల ఏం కలిపినవో చెప్పు."

"నేనేం కలపలే అక్కా."

"కుక్కలు కోళ్లను ఎత్తుకపోతున్నయి, మందు పెడత అన్నది నువ్వు కాదా? వాడంత విన్నది."

"కోపంల అన్న. నా పోరగాండ్లు ఆడుకునే జాగల మందు పెడతనా?"

"మస్తు చెప్తున్నవ్. గద్దలకు నోరు లేదనేగా నీ ధైర్యం?"

"నోరుంటే నన్నెందుకు తిడతవ్? వాటినే అడుగుదువు!"

దినేశ్ ముందుకు దూకి అతని కాలర్ పట్టుకున్నాడు. "ఆడిదానితోని గట్లనా మాట్లాడేది? ఇయ్యాల నీ దుకాణం లేకుండ చేస్త బిడ్డా!"

ఎవరో కోళ్ల గంపను తన్నారు. ఇంకెవరో చెయ్యి చేసుకున్నారు. హన్మంతు పెదవి చిట్లింది. అయినా అదే మాట: "నాకు తెల్వది."

గద్ద వణికింది. మెడ పక్కకు వాలింది.

"ఇంక ఆగితే దక్కదమ్మా," అన్నాడు దివాకర్, సూదిలోకి మందు లాగుతూ. "పురుగుల మందే అనుకొని ఇస్తున్న. తర్వాత నన్ననొద్దు."

రత్నమాల కళ్లు గట్టిగా మూసుకుని రెక్క ఎత్తి పట్టింది. "ఇయ్యుండ్రి సార్. వీడు చెప్పడు. దీని పాపం వీనికే తగుల్తది."

సూది మొన ఈకల్లోకి దిగబోయింది.

"ఆగుండ్రి సార్!"

అరిచింది దినేశ్. హన్మంతు కాలర్ మీంచి అతని చెయ్యి జారిపోయింది.

"మన షెడ్డుల గంజి పెట్టిన నూలు కొరుకుతున్నయని ఎలుకలకు మందు పెట్టి, చచ్చినవాటిని ఈ కుప్పమీద గద్దలకేసింది నేనే."