సగం బావి

గోడ మళ్ళీ చెమర్చింది.

గెక్ నియో అరచెయ్యి ఆనించి చూసింది. తడిసిన సున్నం పెచ్చులుగా చేతికి ఊడొచ్చింది. మోకాలి ఎత్తున నల్లటి చార.

కూతురికి పురుడు పోయాల్సింది ఆ గదిలోనే. కింద ఉన్నది అదొక్కటే గది. నెల నిండేదాకా తల్లీబిడ్డా గుమ్మం దాటకూడదు, కిటికీ తెరవకూడదు.

"ఈ చెమ్మలో పసిగుడ్డు నెల్లాళ్లు ఊపిరి పీల్చాలా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు," అంది తాపీమేస్త్రి ఉస్మాన్‌తో.

"ముందు నీళ్లెక్కణ్ణుంచి వస్తున్నాయో తెలియాలి, బిబిక్," అన్నాడతను, పెద్దావిడని అక్కడివాళ్లు పిలిచే పిలుపుతో.

"అదిగో, విను."

గది వెనకే బావి. మలక్కాలోని ఆ పాత వీధిలో చాలా ఇళ్లకు ఉన్నట్టే అది పంచుకున్న బావి. సగం ఈ ఇంటిది, సగం పక్కింటిది, మధ్యలో గోడ.

గోడ అవతల బక్కెట్టు బుడుంగుమని మునిగింది. లేచింది. నీళ్లు పారబోసిన చప్పుడు. మళ్ళీ మునిగింది.

"పొద్దున లేస్తే ఇదే పని, పక్కింటి ముసలాడికి. ఆ పోసిన నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? నా గోడలోకే!"

మేనత్త పోయాక ఈ ఇల్లు గెక్ నియోకి వచ్చింది. వచ్చి ఏడాది నిండలేదు. ఇరుగుపొరుగుతో కూర్చుని మాట్లాడే తీరిక ఆమెకి దొరకలేదు.

ముసలాయన ఆవేళ అరుగు మీద ఎదురుపడ్డాడు. పైకి మడిచిన పైజామా, తడి పాదాలు.

"ఏమయ్యా అపెక్, పెద్దాయనా, మీ ఇంట్లో కుళాయి లేదా?"

"ఉందమ్మా."

"మరి రోజూ ఆ బావినీళ్లెందుకు? ఏనుగుని గాని కడుగుతున్నావా?"

ఆయన బోసినోటితో నవ్వాడు. "తోడుతూ ఉండాలమ్మా. మీ మేనత్త చెప్పలేదూ..."

"చెప్పడానికి ఆవిడ లేదు. నా కూతురికి నెలలు నిండుతున్నాయి. ఈ గదిలోనే పురుడు. నా గోడ ఆరాలి. తెలిసిందా?"

ముసలాయన నవ్వు ఆగిపోయింది.

"పసిబిడ్డా? ఈ గోడ పక్కనా?"

"నా ఇంటి బిడ్డ నా గోడ పక్కన కాక నీ పక్కన పడుకుంటుందా?"

ఆయన వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు కూడా బక్కెట్టు చప్పుడు మొదలైంది.

"కక్ష చూశావా! తోడద్దంటే రెండో పూట కూడా తోడుతున్నాడు. ఉస్మాన్, బావి పూడ్చెయ్."

"బావి మీ ఒక్కరిదీ కాదు కదా, బిబిక్."

"నా సగమే నేను పూడుస్తున్నా. గోడ కిందనుంచి ఇసుక అటు జారితే, ఆ సంగతి ఇసుకనడుగు."

ఇసుక దిగింది. అటూ ఇటూ నిండింది. తన సగం మీద సిమెంటు పలక కూడా వేయించింది.

ముసలాయన గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఖాళీ బక్కెట్టు.

"కాస్త తీయించమ్మా. బక్కెట్టు మునిగేంత."

"వేలు మునిగేంత కూడా తీయించను."

"ఆ నీళ్లు నాక్కాదమ్మా..."

"నీక్కాకపోతే ఎవరికి, మీ కోళ్లకా?"

తలుపు వేసేసింది.

గోడని ఇటుక దాకా గీకించింది. కొత్త సున్నం పెట్టించింది. గదిలో బొగ్గుల కుంపటి రాజేసి పొద్దస్తమానం విసురుతూ కూర్చుంది.

చార నడుము ఎత్తు దాటింది. మంచం మీద దిండు ఉండే ఎత్తూ దాటింది.

"బావి పూడ్చేశాం కదా, బిబిక్. మరి ఈ నీళ్లెక్కడివి?" అన్నాడు ఉస్మాన్.

"ఆ ముసలాడు ఇంకేదో చేస్తున్నాడు. ఇవాళ తేల్చేస్తా!"

పక్కింటి తలుపు తెరిచే ఉంది. లోపల ఒకావిడ ఊడుస్తోంది. జాకెట్టు చేతికి, ఇంట్లో చావు మైలకి గుర్తుగా, గుడ్డముక్క గుచ్చి ఉంది.

ఇంట్లో చాప లేదు. పొయ్యి లేదు. పెద్దలకు దణ్ణం పెట్టుకునే పీట కూడా లేదు. మూలన ఒక తాడు, ఒక బక్కెట్టు.

"మీ ముసలాయన ఏడీ?"

"మావయ్య పోయినవారం పోయాడండీ. జ్వరమొచ్చి."

గెక్ నియో గొంతు తగ్గింది. "మరి... సామాన్లు?"

"సామాన్లేముంటాయి? ఆయన ఇక్కడెప్పుడున్నాడు కనక! నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఏటి అవతల మా ఇంట్లోనే."

"రోజూ నీళ్లు తోడేవాడే!"

"తోడి వీధి కాలవలో పోసి వచ్చేసేవాడు. బావిలో నీరు పైకొస్తే గోడ తాగేస్తుందట. మీ మేనత్తగారికి ఆయాసం కదా, ఆవిడ కోసమనుకునేవాళ్లం. ఆవిడ పోయాక కూడా మానలేదు. ఈ మధ్య సాయంత్రాలు కూడా బయల్దేరాడు. చివరికి జ్వరంలో కూడా ఇసుక, ఇసుక అని ఒకటే గొణుగుడు."

గెక్ నియో ఇంటికొచ్చింది. సరోంగ్ ఎగదోపి సుత్తి అందుకుంది.

"ఉండండి బిబిక్, కూలీలను పిలుస్తా," అన్నాడు ఉస్మాన్.

"పూడ్పించింది నేను. తీసేదీ నేనే. పిల్ల పురిటికి వచ్చేలోగా బావి అడుగు కనబడాలి."

పలక పగిలింది. కింద ఇసుక తడితో బరువెక్కి ఉంది. ఆమె గంపకెత్తి పోస్తూనే ఉంది. చేతులు బొబ్బలెక్కినా ఆగలేదు.

ముసలాయన మేనకోడలు ఆ బక్కెట్టూ తాడూ పట్టుకొచ్చి బావి పక్కన పెట్టింది.

గెక్ నియో నడుం పట్టుకుని లేచింది. "నాకేమవుతాడమ్మా ఆయన? నా ఇంటి బిడ్డ కోసం ఆయనకెందుకింత తాపత్రయం?"

మేనకోడలు గోడకేసి చూసింది.

"మావయ్య తొలిబిడ్డ ఈ గోడకి అవతలి పక్కనే పుట్టి, నెల నిండకుండా ఈ చెమ్మకే పోయిందండీ; బావి తోడుతూ ఉండాలని అప్పుడాయనకి చెప్పినవాళ్లు లేరు."