గడ్డి చెయ్యి

గడ్డి కూరిన గ్లౌజుకు పచ్చగాజులు తొడిగి, ఈరేష్ దాన్ని తాను తయారుచేసిన కంది నూర్పిడి మిషన్ నోట్లోకి తోశాడు. మిషన్ టక్కున ఆగింది. ఒక్క గాజూ పగల్లేదు.

ఎమ్మిగనూరు మార్కెట్ యార్డులో గుమిగూడిన రైతుల్లో ఒకడు పెదవి విరిచాడు. "ఇట్ల మాటిమాటికీ ఆగితే పని సాగేదెట్లప్పా?"

"చెయ్యి పోతే సాగుతాదా అన్నా?" ఈరేష్ గొంతు లేచింది. "బస్తాలు లెక్కపెడతారు, పోయిన చేతులు ఎవురూ లెక్కపెట్టరే!"

"కోపమొద్దులే. ఇంతకూ గాజులెవురివి? పెండ్లాం దగ్గర ఎత్తుకొచ్చినావా?"

అందరూ నవ్వారు. ఈరేష్ నవ్వలేదు. గాజులు తీసి, కుడిపక్క కొంగు కప్పుకొని కూర్చున్న అమ్మ ఉరుకుందమ్మకు ఇచ్చాడు.

ఆమె ఎడమచేత్తో వాటిని ఒకసారి నిమిరి వెనక్కిచ్చింది.

"ఆ గడ్డిసేతికే ఉండనీ నాయనా. ఇంగ నాకు కుడిపక్క ఏసుకునేకి సెయ్యి యాడుంది?"