డాక్టరమ్మ కుర్చీ

“ఈ పాడు కుర్చీ నా నడుం విరగ్గొడుతోంది,” అని సణుక్కుంటూ డాక్టర్ బురుల్ ఎక్స్‌రే ఎత్తి చూసింది. “మీ నొప్పి మాత్రం గుర్రపు స్వారీ వల్ల కాదు, తాతా. వెన్నెముకలో క్రిములు చేరినట్టున్నాయి. మేకపాలు పచ్చివే తాగుతున్నారా?”

“తాగనూ మరి! నడుం నొప్పికి అంతకన్నా మందేముంది?” అన్నాడు నారిన్ కొండల్లో మందలు కాసే తెమిర్‌బాయ్.

“ఆ క్రిములొచ్చేది అందులోంచే. ఇకనైనా కాచి తాగండి.”

తెమిర్‌బాయ్ ఉన్ని కల్పక్ తీసి బుర్ర గోక్కున్నాడు. “మరి వచ్చినప్పుడల్లా నీకు తెచ్చిన పాలో? కాచావా, తల్లీ?”

“కాస్తే ఆ రుచెక్కడ…” అనబోయి బురుల్ ఆగిపోయింది.

రక్తం తీయడానికి ఒక సూది బయటపెట్టింది. కాస్త ఆలోచించి, ఇంకొకటీ తీసింది.

“రెండోది ఎవరికమ్మా?”

“కుర్చీకి, తాతా.”