ఐదో కారణం

హాస్టల్ గదిలో మంచం మీద బట్టలన్నీ పరిచి, ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి చూసుకుని సంచిలో పెట్టుకుంటోంది పిచ్చుక.

ప్రతిదానికీ లోపలి అంచున గుండీలు కుట్టి ఉన్నాయి. ఒక గుండీ అంటే తెలుపు. రెండంటే నీలం. మూడంటే ఎరుపు.

కుట్టింది అత్త.

యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఆమెని పిల్లలంతా అత్తా అనే పిలుస్తారు. చూపులేని పిల్లకి పాఠాలు చదివి వినిపించే మనిషి కావాలని దివ్యాంగుల సహాయ కేంద్రం వాళ్ళు అడిగితే, లైబ్రేరియన్ ఆమెనే చూపించాడు. బడి మొహం నాలుగేళ్ళకి మించి చూడకపోయినా, అక్షరం కనబడితే వదలని మనిషి.

ఏడాది పొడుగునా సాయంత్రాలు కూర్చుని చదివి, రికార్డర్‌లోకీ ఎక్కించింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టిందీ ఆమే.

ఇప్పుడు గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

చరిత్ర పరీక్ష రోజున ఒక చిన్న గదిలో ముగ్గురే ఉన్నారు. పిచ్చుక, అత్త, ఇన్విజిలేటర్ మేడం. పిచ్చుక చెప్పాలి, అత్త రాయాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి. అంతకంటే ఒక్క ముక్క రాయకూడదు.

కరువుకి ఐదు కారణాలు అడిగారు.

పిచ్చుక నాలుగు చెప్పి తరువాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది.

ఐదోది అత్తకి కంఠతా వచ్చు. పిచ్చుకకీ వచ్చు. ఆ ఉదయమే మెట్ల మీద కూర్చుని తడుముకోకుండా అప్పజెప్పింది. పిల్లకి వచ్చిందే కదా, పరాయి సొమ్ము కాదు కదా అనుకుంది అత్త.

'గోదాముల నిండా ధాన్యం ఉన్నా తలుపులు తెరవకపోవడం' అని రాసింది.

వెనకే నిలబడ్డ మేడం, తను విన్నవి నాలుగనీ, కాగితం మీద ఐదున్నాయనీ పై వాళ్ళకి రాసిచ్చింది.

సహాయ కేంద్రం అధికారి మంచివాడే. ఇద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగాడు. ఐదూ చెప్పానంది పిచ్చుక. చెప్పాననే నమ్మింది.

ఆయన అత్త వైపు తిరిగాడు.

ఆమెది ఏటేటా దయతలచి పొడిగించే ఉద్యోగం. ఇంట్లో భర్త మంచం పట్టి మూడేళ్ళు.

"చెప్పిందే రాశానయ్యా," అంది.

అధికారి పిచ్చుకకి ఒక దారి చూపించాడు. నాకు తెలియకుండా ఆమే రాసుకుంది అని ఒక్క ముక్క రాసిస్తే, వచ్చే నెల వేరే మనిషిని కూర్చోబెట్టి మళ్ళీ పరీక్ష పెట్టిస్తానన్నాడు. లేకపోతే ఏడాదంతా రద్దు.

ఆ చదువుకి ఇంట్లో ఒప్పించడానికే పిచ్చుకకి మూడేళ్ళు పట్టింది. ఒక్క ఏడు పోయినా ఇక పంపేది లేదని ముందే చెప్పారు.

అయినా రాసివ్వలేదు. అత్త మీద అబద్ధం చెప్పి ఆ పాపం తను మూటగట్టుకోలేనంది.

జరిగింది ఇదీ.

ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన అన్న బండి హారన్ కింద మోగింది. పిచ్చుక చెయ్యి కాస్త తొందరపడింది.

"రికార్డర్ నేనే తీసుకుపోతున్నానత్తా. నీ గొంతు వింటే ఎక్కడున్నా నిద్ర ముంచుకొస్తుంది."

"పోనీలే. పాఠానికి కాకపోయినా జోలపాటకి పనికొచ్చాను."

"నీకో కొడుకుంటే నీ కోడలినై ఈ ఊళ్ళోనే ఉండిపోయేదాన్ని."

"నీ వాగుడికి వాడు ఇల్లు వదిలి పారిపోయేవాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందుగా ఆగింది అత్తకే.

ఇప్పుడు చెప్పెయ్యాలి. హారన్ మళ్ళీ మోగేలోపు చెప్పెయ్యాలి. చెబితే పిల్ల సంచి కింద పెట్టేస్తుంది, ఇద్దరూ కలిసి కేంద్రానికి వెళ్ళొచ్చు, ఇంకా పదకొండే అయింది, అధికారి గదిలోనే ఉంటాడు.

పిచ్చుక సంచి జిప్పు సగం లాగి ఆగింది. అత్త ఉన్న వైపుకి, సరిగ్గా ఆమె మొహం వైపుకి తిరిగింది.

"నన్ను ఓదార్చడానికి కాదు. నిజం చెప్పు. ఆ రోజు నేను ఐదూ చెప్పాను కదా?"

చూపులేని పిల్ల ముందు అత్త తల దించుకుంది.

"చెప్పావమ్మా," అంది.

"అదీ మాట. మన మధ్య నిజముంటే చాలత్తా. వాళ్ళు ఏమనుకుంటే నాకేం?"

జిప్పు చివరిదాకా లాగింది.

అన్న మెట్లెక్కి వచ్చాడు. ఏడాది మట్టిలో కలిసిందని గొణుక్కుంటూ సంచి భుజాన వేసుకున్నాడు. పిచ్చుక అతని మోచెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగింది.

అత్త ఎనిమిది రోజులు అన్నం ముందు కూర్చుని లేచింది.

తొమ్మిదో రోజున కేంద్రానికి వెళ్ళి, ఐదోది తనే రాశానని సంతకం పెట్టి ఇచ్చింది.

ఉద్యోగం పోలేదు. పరీక్షలు రాసిపెట్టే పని మాత్రం ఇక ఇచ్చేది లేదన్నారు. అధికారి ఆ సాయంత్రమే రద్దు ఎత్తివేయించి, పిచ్చుక ఇంటికి ఉత్తరం పంపాడు. రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ అన్నే తీశాడు. చెల్లికి చెబుతానన్నాడు.

పద్నాలుగో తారీఖు ఉదయం పది గంటలకి మళ్ళీ పరీక్ష పెట్టారు.

పిచ్చుక ఆ పద్నాలుగున రాలేదు. మరుసటి ఏడు తరగతులు మొదలైనప్పుడూ రాలేదు. ఆ తరువాత ఎప్పుడూ రాలేదు.