మూడో చరణం

"అమ్మాయ్, నది కనబడే అరుగు ఎటు?"

లిస్బన్ పాతపేట అల్ఫామా మెట్ల మధ్యలో ఆ పెద్దాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. నెత్తిన టోపీ, మెడలో కెమెరా, చేతిలో మడతలు విప్పిన పటం.

చేపల సంచీతో మెట్లెక్కుతున్న ఎర్మీనియాకు నవ్వొచ్చింది. యాభై దాటిన తనని అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఇప్పుడెవరున్నారు?

"పటం తలకిందులుగా పట్టుకుంటే లిస్బన్ మొత్తం నదిలోనే కనబడుతుంది. నాతో రండి, నేనూ అటే."

ఆయన ఆయాసపడుతూ వెనకే నడిచాడు.

"ఎక్కణ్ణుంచి?"

"ఫ్రాన్స్ నుంచి. ఊరు చూద్దామని వచ్చాను. రాత్రికే విమానం."

"మరి ఏం చూశారు? కోట?"

"లేదు."

"పసుపు ట్రామైనా ఎక్కారా?"

"జనం తోసుకుంటున్నారమ్మా."

"అయితే ఊరు చూడ్డానికి కాదు, ఊరికి కనబడ్డానికి వచ్చారన్నమాట."

ఆయనా నవ్వాడు.

కొండ అంచున ఉన్న ఆ అరుగు మీద అందరూ నదిని ఫోటోలు తీస్తున్నారు. ఈయన మాత్రం నదికి వీపు పెట్టి ఇళ్ళ కిటికీలు చూస్తున్నాడు.

"ఒకప్పుడు ప్రతి కిటికీకీ బట్టలు ఆరేసి ఉండేవి," అన్నాడు.

"ఇళ్ళన్నీ సూట్‌కేసులవాళ్ళకి అద్దెకిచ్చేశారు. వాళ్ళు బట్టలు ఉతుక్కోరుగా."

"పాటలన్నా మిగిలాయా? భోజనంతో కలిపి అమ్మే పాటలు కాదు."

"మధ్యాహ్నం బల్తజార్ సారాకొట్టుకి రండి. చేపలమ్మేవాళ్ళం, టాక్సీలు తోలేవాళ్ళం మాకు మేమే పాడుకుంటాం. ఇవాళ నేనూ పాడతాను. మా అమ్మ పాట."

ఆయన పటం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎర్మీనియా వాళ్ళ అమ్మ ఇల్దా పాట మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. అది సగం పాట. కొయింబ్రా ఊళ్ళో కాలేజీ చదువు మానేసి వచ్చి, వాళ్ళ పైగదిలో అద్దెకు దిగిన కుర్రాడొకడు ఇల్దా కోసం కట్టాడు. మొదటి చరణంలో ఒకడు మెట్లు దిగి వెళ్ళిపోతాడు. రెండో దాంట్లో ఒకామె కిటికీ తెరిచి పెట్టుకుని కూర్చుంటుంది. మూడోది తిరిగొచ్చాక చెబుతానని ఆ కుర్రాడు, కుర్రాళ్ళని ఆఫ్రికా యుద్ధానికి పంపే రోజుల్లో వెళ్ళిపోయాడు. ఆఫ్రికాలో పోయాడని కొందరు, సరిహద్దు దాటి పారిపోయాడని కొందరు అన్నారు.

ఇల్దా జీవితమంతా ఆ రెండు చరణాలే పాడింది. "పాటలో వెళ్ళినవాడు తిరిగొచ్చినట్టు రాశాడో, రానట్టు రాశాడో తెలీకుండానే పోతున్నానే," అని చివరి రోజుల్లో మంచం మీద ఏడ్చింది. ఆ ఏడుపు విన్నప్పటి నుంచీ ఎర్మీనియాకు ఒకటే కోరిక. అమ్మ పాటని ఒక్కసారైనా చివరంటా పాడాలి.

మధ్యాహ్నం సారాకొట్లో బల్తజార్ తలుపు మూసి దీపాలు తగ్గించాడు. ఫాదో, అదే మా విరహాల పాట, మొదలయ్యాక మా దగ్గర గ్లాసు చప్పుడు చేసినా తప్పే.

ఎర్మీనియా నల్ల శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని ముందు ఏదో చిన్న పాట పాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మూలన కూర్చున్న టోపీ పెద్దాయన మాత్రం గట్టిగా దగ్గాడు.

"చేప ముల్లు ఇరుక్కుందేమో," అన్నారెవరో.

తర్వాత అమ్మ పాట. ఎప్పుడూ లేనంత బాగా వచ్చింది. తన గొంతులో అమ్మ గొంతు ఎర్మీనియాకే వినబడింది. రెండో చరణం అయిందో లేదో, గిటార్ తీగల మోత ఇంకా ఆగనే లేదు, మళ్ళీ ఆ దగ్గు. ఈసారి పెద్దాయన లేచి నిలబడి, బల్ల పట్టుకుని, ముఖమంతా ఎర్రగా చేసుకుని మరీ దగ్గుతున్నాడు.

"మిమ్మల్ని పిలిచాను చూడండీ, నాది బుద్ధితక్కువ," అంది ఎర్మీనియా కోపంగా. "మా అమ్మ పాట పాడు చేశారు. బయటికి వెళ్ళి దగ్గుకోండి."

బల్తజార్ ఆయన భుజం మీద చెయ్యేసి తలుపు దాకా తీసుకెళ్ళాడు. గడప దగ్గర ఆయన టోపీ తీసి ఎర్మీనియా వైపు తల వంచి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక, గిటార్ వాయించిన క్వింతీనో కాబేజీ సూప్ తాగుతూ తాగుతూ ఆగాడు.

"అయ్యో, ఇప్పుడు తోచింది నాకు. ఆయన కొయింబ్రా మనిషి అయ్యుంటాడే."

"అయితే?"

"అక్కడ పాటకి చప్పట్లు కొట్టరు. నచ్చితే గొంతు సవరించినట్టు దగ్గుతారు. పిచ్చిదానా, అంత దగ్గు దగ్గాడంటే నిన్ను నెత్తిన పెట్టుకున్నట్టే."

ఎర్మీనియా చెంచా బల్ల మీద పడేసింది. శాలువా కూడా తీయకుండా వీధిలోకి పరుగెత్తింది. అరుగు మీద లేడు. మెట్ల మీద లేడు. తన ఇంటి ఎదుట జెనోవేవా అవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది.

"అవ్వా, టోపీ పెట్టుకున్న పెద్దాయన ఇటొచ్చాడా?"

"వచ్చాడు. మీ కిటికీ కింద నిలబడి, ఇల్దా ఉందా అని అడిగాడు. ఎప్పుడో పోయింది నాయనా అన్నాను."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. గోడకి చెయ్యి ఆనించుకుని మీ అమ్మ పాట పాడాడు. గొంతెక్కడుంది పాపం, అంతా గాలే. పాడి మెట్లు దిగిపోయాడు."

"మాటలు గుర్తున్నాయా అవ్వా? ఒక్క ముక్కైనా?"

"నా చెవులకి మాటలెక్కడ ఆనతాయే," అంది అవ్వ చిక్కుడుకాయ తుంచుతూ. "మొదటి రెండూ ఇల్దా రోజూ పాడేవే గనక పోల్చుకున్నాను, ఆ చివరి చరణం మాత్రం ఈ వీధిలో నేనెప్పుడూ వినలేదు."