తండ్రి వైపు

“మా ఇంటా వంటా పిచ్చి లేదు డాక్టరమ్మా,” అంది శివపార్వతి.

“ఉంది,” అంది పక్కనున్న కోడలు నాగజ్యోతి.

డాక్టర్ బిందుమాధవి పెన్ను ఆగిపోయింది. ఇంగ్లండులోని కోవెంట్రీలో సైకియాట్రిస్టుగా ఎన్నో ఇళ్ళ గొడవలు విన్నది గానీ, అత్తగారి మాట గాలిలో ఉండగానే కోడలు ఇలా అడ్డంగా నరికెయ్యడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. చక్రాల కుర్చీలో కూర్చున్న క్రాంతి తల తిప్పి భార్యకేసి వింతగా చూశాడు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు క్రాంతి కాళ్ళని కొయ్యల్లా బిగించేసింది. వాడిన మందుల్లో ఒక్కటీ నొప్పిని తగ్గించలేదు. ఈ మధ్య ‘ఇంక బతకడం దండగ’ అంటున్నాడు. అతనికి మిగిలిన దారి ఒకటే, గంజాయి నుంచి తీసిన మందు. ఆ మందుని ఈ దేశంలో ఇంకా ఏ డాక్టరూ మామూలుగా రాసివ్వడానికి వీల్లేదు. కొత్త మందుని పరీక్షించడానికి ప్రభుత్వం అనుమతించిన ట్రయల్లో చేరితేనే దొరుకుతుంది. అతని మనసు ఆ మందుని తట్టుకోగలదని బిందుమాధవి సిఫార్సు చేస్తేనే ట్రయల్లో చేర్చుకుంటారు.

“ఎవరికి ఉంది?” అని అడిగింది డాక్టరు.

“మామయ్యగారికి. గుండెపోటుతో పోయారని పెళ్ళిచూపుల్లో మాకు చెప్పారు. ఆయన పోయింది పిచ్చాసుపత్రిలో.”

“నీకెవరు చెప్పారే?”

“మీ చెల్లెలే అత్తయ్యగారూ. మొన్న ఇల్ఫర్డ్‌లో వాళ్ళమ్మాయి గృహప్రవేశానికి వెళ్ళాంగా, అప్పుడు.”

శివపార్వతి ముఖంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. మనవాళ్ళు షుగరుందని ఊరంతా చెప్పుకుంటారు, బీపీ ఉంటే అదొక హోదా. మతి దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ గుండెపోటుతోనే పోతారు. లేకపోతే పిల్లలకి సంబంధాలు రావు మరి.

“అమ్మా, నిజమేనా?” అన్నాడు క్రాంతి.

ఆవిడ కోడలి మీద విరుచుకుపడింది. “ఇంటిగుట్టు లంకకి చేటని ఊరికే అన్లేదు. కట్టుకున్నవాడు నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఇప్పుడా నువ్వు మా వంశం పురాణం విప్పేది?”

“వంశం నాకెందుకండీ? నాక్కావలసింది ఆయన. తండ్రికి అలాంటి జబ్బుంటే ఈ మందు కొడుక్కీ అది తెచ్చిపెట్టొచ్చని వాళ్ళిచ్చిన లీఫ్లెట్లోనే ఉంది. కాళ్ళ నొప్పి తగ్గించబోయి మనిషినే పోగొట్టుకోమంటారా?”

డాక్టరు మెల్లగా అంది. “ఆంటీ, అంకుల్‌కి ఏమయ్యేదో చెప్పండి. మీరు చెప్పింది ఈ గది దాటి పోదు.”

శివపార్వతి నేల చూపులు చూస్తూ చెప్పింది.

“నేను అన్నంలో విషం కలుపుతున్నానని కంచం విసిరికొట్టేవారు. గోడలతో మాట్లాడేవారు. చివరికి కట్టేసి తీసుకెళ్ళాల్సొచ్చింది. చాలా?”

క్రాంతి కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అతను దండం పెట్టుకున్న ఫొటోలోని నాన్న ఒకరు, ఈ గదిలో ఇప్పుడు బయటపడ్డ నాన్న ఇంకొకరు.

బిందుమాధవి పెన్ను కింద పెట్టేసింది. “అయితే నేను సిఫార్సు చెయ్యలేను. కన్నతండ్రికి అలా ఉంటే ట్రయల్లోకి తీసుకోరు, అది రూల్. రూల్ లేకపోయినా నేను చెయ్యను. రేపు క్రాంతి గారికి అదే గతి పడితే నా డాక్టరు రిజిస్ట్రేషన్ పోవడం అటుంచండి, నాకు జన్మలో నిద్ర పట్టదు.”

“బయట కొనుక్కుంటాను,” అన్నాడు క్రాంతి. “మా ఫ్లాట్ వెనకాలే అమ్ముతారు.”

“అది నేరం. పైగా అందులో ఏం కలుస్తుందో, ఎంత ఘాటుంటుందో ఎవరికీ తెలీదు. మీకది ఇంకా ప్రమాదం.”

“మరి నన్నేం చెయ్యమంటారు?”

అంతలో క్రాంతి కుడికాలు ఎగిరిపడి కర్రలా బిగుసుకుంది. అతను పెదవి కొరుక్కున్నా కేక ఆగలేదు. నాగజ్యోతి గభాలున కింద కూర్చుని రెండు చేతులతో పిక్క నొక్కసాగింది. నొక్కుతూనే ఏడ్చింది.

“ఆయన్ని కాపాడుకుందామనుకున్నానండీ. ఉన్న ఒక్క తలుపూ నేనే మూసేశాను.”

ఇంత నిజాయితీకి ఇదా ఫలితం అని బిందుమాధవికి చట్టం మీదా, జబ్బు మీదా, తన ఉద్యోగం మీదా కూడా కోపం వచ్చింది.

శివపార్వతి కొడుకు కాలి వంకే చూస్తోంది. బిగువు సడలి అతను కుర్చీలో వాలిపోయేదాకా అలాగే చూసింది.

“ఆ మందుతో ఈ బాధ తగ్గుతుందా డాక్టరమ్మా?”

“తప్పకుండా అని చెప్పలేను. కొంతమందికి బాగా తగ్గుతోంది.”

“వీడికి అడ్డం వాళ్ళ నాన్న జబ్బొక్కటేనా? ఇంకేం లేదా?”

“అదొక్కటే ఆంటీ. రక్తసంబంధం కదా, ఏమీ చెయ్యలేం.”

“జ్యోతీ, ఆ తలుపు వెయ్యి.”

బయట నర్సుల మాటలు వినపడుతున్నాయి. నాగజ్యోతి కళ్ళు తుడుచుకుంటూ లేచి తలుపు వేసింది. శివపార్వతి కొడుకు ముఖం చూడలేదు, కోడలి ముఖమూ చూడలేదు. డాక్టరు వైపు తిరిగింది.

“రాసెయ్యండి. వీడు ఆయన కొడుకు కాదు. ఆ సంగతి తెలిసిన రోజునే ఆయనకి మతి పోయింది.”