సొంత ఊరి డాక్టరు

"నా వీపు రుద్దుతావా నాయనా? నీ వీపు నేను రుద్దుతాను."

ఊరి ఉమ్మడి స్నానశాలలో వేడినీళ్ల తొట్టి పక్కన కూర్చున్న ముసలాయన అడిగాడు.

ఎవరో తెలియదు. అయినా వీపు రుద్దడానికి కొత్తాపాతా ఏముంది? మాన్‌సిక్ గరుకుబట్ట అందుకుని రుద్దిపెట్టాడు.

తన వంతు రాగానే ముసలాయన ఇటు తిరిగాడు. పక్కనే ఉన్న మాన్‌సిక్ తమ్ముడు ఇన్‌హో చూపు ఆయన రొమ్ము మీద పడింది. నిలువుగా పెద్ద కుట్టు.

"గుండె ఆపరేషనా తాతా?"

"అవును. కవాటం మార్చారు. సియోల్‌లో."

"మా అన్నయ్యకీ అదే. సోమవారం. ఇక్కడే, మన ఊరి ఆసుపత్రిలో."

ముసలాయన చెయ్యి మాన్‌సిక్ వీపు మీద ఆగిపోయింది.

"ఇక్కడొద్దు నాయనా. సియోల్ పో."

"ఏం? ఆపరేషన్ చేసే డాక్టర్ బేక్ మా బడి కుర్రాడే. బంగారంలాంటివాడు," అన్నాడు మాన్‌సిక్.

"మంచివాడే, కాదన్నానా? ఇలాంటివి ఇక్కడ ఏడాదికి ఎన్ని చేస్తారో అడిగావా? రోజూ చేప కోసే చెయ్యీ, పండక్కి కోసే చెయ్యీ ఒకటేనా? ఒక్క డాక్టరుతో అయ్యే పనా ఇది? పక్కన అందించేవాళ్లకీ, తర్వాత కనిపెట్టుకుని ఉండేవాళ్లకీ, అందరికీ చెయ్యి తిరిగి ఉండాలి."

మాన్‌సిక్‌కి చిర్రెత్తింది.

"ఈ ఊరి చేపలు తింటూ సియోల్ పాట పాడతారేం? అక్కడివాళ్లకి బేరాలు పట్టే ఏజెంటా తాతా మీరు? స్నానాల గదిని కూడా వదలరా!"

తొట్టిలోవాళ్లు గొల్లున నవ్వారు. ముసలాయన ఏదో చెప్పబోయి, మానేసి, నీళ్లు పోసుకుని వెళ్లిపోయాడు.

బయటికొచ్చాక ఇన్‌హో నసిగాడు.

"అన్నయ్యా, ఎన్ని చేశారో ఒక్కమాటు అడిగి చూద్దామా?"

"సిగ్గులేదట్రా? బళ్లో వాడికంటే పైతరగతివాణ్ణి. నేనే నమ్మకపోతే ఆ కుర్రాడు ఊళ్లో తలెత్తుకుంటాడా?"

డాక్టర్ బేక్ కూడా మాన్‌సిక్ చేతులు పట్టుకుని మరీ చెప్పాడు.

"సొంతవాళ్లని రైలెక్కించి సియోల్‌కి తోలే రకాన్ని కాదన్నా నేను."

సోమవారం మాన్‌సిక్ నవ్వుతూ లోపలికెళ్లాడు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. తర్వాత గుండె చుట్టూ నెత్తురు చేరింది. అది గుర్తుపట్టేసరికి ఆలస్యమైపోయింది.

ఆసుపత్రి కింద అంతస్తులోనే అంత్యక్రియల హాలు. పువ్వుల మధ్య అన్న ఫొటో పెట్టి ఇన్‌హో నిలబడ్డాడు. వచ్చినవాళ్లు ఆచారంగా పెట్టే కారప్పులుసు తింటూ మాట్లాడుకుంటున్నారు.

"ఇక్కడ ఇలాంటి ఆపరేషన్ చేసి చాలా నెలలైందట."

ఇన్‌హోకి ఒళ్లు మండిపోయింది. నమ్మించి గొంతు కోశారు! ఆ ఒక్కమాట ముందే చెప్పి ఉంటే, అన్నని భుజాన వేసుకుని అయినా సియోల్ తీసుకెళ్లేవాడు కదా!

అప్పుడే స్నానశాల ముసలాయన నల్లకోటు వేసుకుని వచ్చాడు. ఫొటో ముందు రెండుసార్లు సాగిలపడ్డాడు. రెండోసారి లేవలేకపోయాడు.

ఇన్‌హో వెళ్లి లేవదీశాడు.

"ఈ ఊళ్లో మాకు నిజం చెప్పింది మీరొక్కరే తాతా. మిమ్మల్ని నవ్వులపాలు చేశాం."

"ఇంకా గట్టిగా చెప్పాల్సింది నాయనా. నోరు రాలేదు." ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మీరెందుకు కుమిలిపోతారు? మీ తప్పేముంది ఇందులో?"



నివాళి అర్పించడానికి పువ్వులతో వచ్చిన డాక్టర్ బేక్, ముసలాయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయి, "నాన్నా... మీరిక్కడికి ఎందుకొచ్చారు?" అన్నాడు.